ఎవరూ కూర్చోని గది

కొత్తగా కట్టిన ఇళ్లలో ఒక గది ఉంటుంది. ఇంట్లో అన్నిటికన్నా పెద్దది అదే. ఎక్కువ ఖర్చు పెట్టిందీ దానికే. అద్దంలా మెరిసే టైల్స్, రంగురంగుల దీపాలు దాచుకున్న సీలింగు, గోడంత షోకేసు, అందులో ఎన్నడూ కాఫీ పోయని కప్పులు, పెళ్లికి కానుకగా వచ్చిన తాజ్‌మహల్ బొమ్మ, నడుమ సోఫాసెట్టు. సోఫా మాయకుండా దాని మీద ఓ దుప్పటి. దుప్పటి నలగకుండా పిల్లలకు ఆంక్షలు! ఆ గది పేరు హాలు. తమాషా ఏమిటంటే... అందులో ఎవరూ కూర్చోరు.

మరి ఇంట్లోవాళ్లంతా ఎక్కడుంటారు? అమ్మ వంటింటి గడప దగ్గర. నాన్న బయట ప్లాస్టిక్ కుర్చీలో. నాయనమ్మ మెట్ల కింది నీడలో. పిల్లలు పడగ్గదిలో మంచం మీద. ఎప్పుడో వచ్చే చుట్టం కోసం ఆ పెద్ద గది మాత్రం ఏడాది పొడవునా ముస్తాబై ఎదురుచూస్తుంటుంది. తీరా ఆ వచ్చిన చుట్టమైనా అక్కడ నిలుస్తుందా అంటే... పది నిమిషాలు సోఫా అంచున కూర్చుని, 'ఏం వండుతున్నావు వదినా' అంటూ వంటింట్లోకే వెళ్లిపోతుంది.

అలంపూర్‌లో కట్టినా, హైదరాబాద్‌లో కట్టినా, అమెరికాలో తెలుగువాళ్లు కట్టుకున్నా ఈ గది కథ ఇంచుమించు ఒకటే. విచిత్రంగా, సుమారు 130 ఏళ్ల కిందట స్వీడన్‌లోనూ ఇదే కథ నడిచింది. అక్కడా కలిగినవాళ్ల ఇళ్లలో ముందుగది అతిథులదే. ముదురు రంగు బరువైన సామాను, వెలుతురు రానివ్వని మందపాటి తెరలు, దుమ్ము పట్టే అలంకరణలు. ఇంట్లోవాళ్లు బతికేది మాత్రం వెనక గదుల్లో. ఆ పద్ధతి మీద అక్కడ కొందరు తిరగబడ్డారు. వాళ్లు ఎంచుకున్న దారినే ఇవాళ ప్రపంచం 'స్కాండినేవియన్ స్టైల్' అని ముద్దుగా పిలుచుకుంటోంది.

సుండ్‌బోర్న్‌లో ఓ చెక్క ఇల్లు

స్వీడన్ నడిమధ్యన దలార్నా అనే ప్రాంతం ఉంది. అందులో సుండ్‌బోర్న్ అనే చిన్న పల్లె. 1888లో అక్కడో చిన్న చెక్క ఇంటిని ఓ మామగారు కూతురికీ అల్లుడికీ ఇచ్చాడు. అల్లుడి పేరు కార్ల్ లార్సన్. చిత్రకారుడు. 1853లో స్టాక్‌హోంలో కటిక పేదరికంలో పుట్టినవాడు. సరైన ఇల్లన్నది ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఎరగడు. కూతురు కరీన్. ఆమె కూడా చదువుకున్న చిత్రకారిణే.

వాళ్లకు ఎనిమిది మంది పిల్లలు. చిన్న ఇల్లు, పెద్ద సంసారం. ఇంటిని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయారు. కొత్త సామాను కొనే బదులు పాత కుర్చీలకూ బల్లలకూ ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేశారు. కరీన్ తనకు కావాల్సిన సామాను బొమ్మ గీసిస్తే ఊరి వడ్రంగి చేసిపెట్టాడు. తెరలూ, దిండు గలీబులూ, బల్లగుడ్డలూ ఆమే నేసింది, ఆమే కుట్టింది. కార్ల్ ఏమో తలుపుల మీద ఇంట్లోవాళ్ల బొమ్మలే వేశాడు. కిటికీలకు బరువు తెరలు తీసేసి, గూట్లో పూలకుండీలు పెట్టారు. పిల్లలు ఏ గదిలోకైనా పోవచ్చు, ఏ బల్ల మీదైనా కూర్చుని రాసుకోవచ్చు.

ఓ వేసవిలో వానలు వదలకుండా పట్టుకున్నాయి. బయటికెళ్లి బొమ్మలు వేసే వీల్లేక కార్ల్ చిరాకు పడుతుంటే, 'ఇంటినే వేయొచ్చుగా' అని సలహా ఇచ్చింది కరీన్ అంటారు. ఆ సలహా ఫలితమే ఇంటి నీటిరంగు చిత్రాలు. 1897లో అవి స్టాక్‌హోం ప్రదర్శనకు వెళ్లాయి. 1899లో 'ఓ ఇల్లు' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వచ్చాయి. అందులో రాజభవనం లేదు, మహారాణి లేదు. కిటికీ దగ్గర కుట్టుపని, భోజనాల బల్ల, అలిగి మూల నిలబడ్డ పిల్లాడు. ఇలాంటి బొమ్మలే! స్వీడన్ జనం వాటిలో తమ ఇంటిని చూసుకున్నారు.

సరిగ్గా ఆ ఏడాదే ఎలెన్ కే అనే రచయిత్రి 'అందరికీ అందం' అన్న అర్థం వచ్చే పేరుతో చిన్న పుస్తకం ప్రచురించింది. అందమనేది డబ్బున్నవాళ్ల సొత్తు కాదనీ, ఏ వస్తువైనా దాని పని అది సరిగ్గా చేస్తే, చూడ్డానికి తేటగా ఉంటే చాలనీ ఆమె వాదన. 1917లో స్టాక్‌హోంలో కార్మికుల చిన్న ఇళ్లకు ఎలాంటి సామాను కావాలో చూపిస్తూ ప్రదర్శనే పెట్టారు. 1919లో గ్రెగర్ పాల్సన్ అనే ఆయన 'రోజూ వాడే వస్తువులే మరింత అందంగా' అనే నినాదంతో పుస్తకం రాశాడు. ఇంటి అందం గురించిన మాట కాస్తా అక్కడ సామాన్యుడి బతుకు గురించిన మాటైంది.

తర్వాతి సంగతి చాలామందికి తెలిసిందే. 1943లో ఇంగ్వార్ కాంప్రాడ్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఐకియా మొదలుపెట్టాడు. 1956 నుంచి బల్లల కాళ్లు విప్పి, అట్టపెట్టెలో పెట్టి అమ్మడం పట్టుకున్నారు. కొన్నవాళ్లే ఇంటికి తీసుకెళ్లి బిగించుకోవాలి. అలా ఖర్చు తగ్గింది. 2018 ఆగస్టు 9న ఆ దుకాణం మన దేశంలో తొలిసారి తలుపులు తెరిచింది... హైదరాబాద్‌లోనే! మొదటిరోజు జనం పోటెత్తి హైటెక్‌ సిటీ దారులన్నీ కిక్కిరిసిపోయాయి. అలంపూర్ చౌరస్తాలో బస్సెక్కితే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. జాతీయ రహదారి తిన్నగా తీసుకుపోతుంది. సుండ్‌బోర్న్ పల్లె ఇలా నడిగడ్డకు దగ్గరైంది.

'ఈడ మనుషులు యాడ కూసుంటరు?'

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల కాబట్టి అది నడిగడ్డ. ఆ ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్లలో ఒకేరకం మాటలు నడుస్తున్నాయి. వయసు మీరిన తల్లి ఊళ్లో పాత ఇంట్లో ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం. పాత మిద్దె కురుస్తోంది, పడగొట్టి కొత్తది కట్టాలి. కొడుకు సెలవుకు వచ్చి ఫోనులో బొమ్మలు చూపిస్తాడు. తెల్లటి గోడలు, బూడిదరంగు సోఫా, గోడంత అద్దపు కిటికీ, మూల ఒక్కటే కుండీ.

''చూడమ్మా, మనిల్లు గూడ ఇట్లనే చేయిద్దాం.''

''సక్కగుంది నాయనా. ఆసుపత్రి లెక్క తెల్లగుంది. మరి ఈడ మనుషులు యాడ కూసుంటరు?''

''సోఫా ఉంది గదమ్మా!''

''అండ్ల కూసుంటే నేను మళ్ల లేయను కొడుకా. బుడ్డలు యాడ ఒలుచుకోవాలె? పొద్దూకితే పక్కింటి వదిన వస్తది, ఆమె యాడ కూసుంటది?''

కొడుకు నవ్వేస్తాడు. తల్లి కూడా నవ్వేస్తుంది. ప్లాను మాత్రం మేస్త్రీ చేతికి వెళ్లిపోతుంది. ఆరునెలల తర్వాత గృహప్రవేశం. ఇంకో ఆరునెలలకు తల్లి ఆ ఇంట్లో వెనక తలుపు దగ్గర, గ్యాసు బండ పక్కన, గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. బుడ్డలంటే వేరుశనగకాయలు ఒలిచేది అక్కడే. పక్కింటి వదిన రావడం తగ్గించేస్తుంది. టైల్స్ మీద మట్టికాళ్లతో రావాలంటే మొహమాటం మరి!

ఇందులో కొడుకు తప్పేమీ లేదు. అమ్మకు మంచి ఇల్లు ఇవ్వాలనే అప్పు చేశాడు. తప్పు ఎక్కడంటే... స్కాండినేవియా ఇంటి నుంచి రంగును తెచ్చుకుని, ప్రశ్నను అక్కడే వదిలేసి రావడంలో. లార్సన్ దంపతులు ముందు వేసుకున్న ప్రశ్న ఏ రంగు వేద్దామని కాదు, ఈ ఇంట్లో ఉండేది ఎవరని. సరిగ్గా ఆ తల్లి అడిగిందీ అదే. ఎలెన్ కే పేరు విననక్కర్లేకుండానే ఆమె ఎలెన్ కే మాట అనేసింది!

అక్కడ వెలుతురు కరువు... ఇక్కడ నీడ కరువు

స్వీడన్ ఇళ్లలో గోడలు తెల్లగా ఎందుకుంటాయి? ఫ్యాషన్ కోసం కాదు. డిసెంబరులో స్టాక్‌హోంలో సూర్యుడు కనిపించేది రోజుకు ఆరు గంటలే. ఉదయం తొమ్మిదికి కాస్త ముందు ఉదయించి, మధ్యాహ్నం మూడు కాకుండానే వెళ్లిపోతాడు. ఆ కాస్త వెలుతురూ వృథా పోకుండా గోడ నుంచి గోడకు తుళ్లి గదంతా పరుచుకోవాలి. అందుకు తెలుపు. అందుకే పెద్ద కిటికీలు, పల్చటి తెరలు, లేతరంగు చెక్క. ఇంటికి నడిబొడ్డు నిప్పు. 1767లో క్రోన్‌స్టెట్, వ్రేడే అనే ఇద్దరు కలిసి పొగ లోపలే మెలికలు తిరుగుతూ వేడిని దాచే పెంకుల పొయ్యి తయారుచేశారు. చలికాలమంతా సంసారం దాని చుట్టూనే.

మరి అలంపూర్ సంగతి? అతి చిన్న పగలు కూడా ఇక్కడ పదకొండు గంటలుంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ వెలుతురుకు కొదవ లేదు, కొదవంతా నీడకే. ఇంటికి నడిబొడ్డు నిప్పు కాదు, చల్లని గచ్చు. అలాంటి చోట పడమటి గోడకు నిలువెత్తు అద్దం పెడితే ఏమవుతుంది? మధ్యాహ్నం మూడింటికి ఆ గది పెనమైపోతుంది. ఆపైన ఏసీ, మందపాటి తెర, పగలే లైటు. వెలుతురు కోసం పెట్టిన కిటికీకి తెర వేసి, దీపం వెలిగించుకోవడమన్నమాట!

ఈ లెక్క తెలిసినవాళ్లు అలంపూర్‌లో 1,300 ఏళ్ల కిందటే ఉన్నారు. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లినవాళ్లు శిల్పాలు చూస్తారు, శిఖరాలు చూస్తారు. గర్భగుడి చుట్టూ తిరిగే ప్రదక్షిణ దారిలో ఒక్క నిమిషం ఆగితే మరొకటి కనబడుతుంది. గోడల్లో రాతి జాలీ కిటికీలు. రాయిని చిల్లులుగా తొలిచి పెట్టారు. ఎండ నేరుగా లోపలికి రాదు. ముక్కలుముక్కలై, చల్లబడి, గచ్చు మీద ముగ్గులా పడుతుంది. గాలికి మాత్రం అడ్డు లేదు. వెలుతురును ఎంత రానివ్వాలో, ఎంత ఆపాలో తెలిసిన పని అది.

మట్టి మిద్దెలు కట్టిన మామూలు జనానికీ ఆ లెక్క తెలుసు. గోడలు రెండడుగుల మందం. కిటికీలు చిన్నవి. మిద్దెకు నడిమధ్య గవాచి. పొగ పోవడానికీ, వెలుతురు దిగడానికీ అదే దారి. పగలు గవాచిలోంచి దిగిన ఎండ పలక ఏ గోడ దగ్గరుందో చూసి పొద్దెంతయిందో చెప్పగలిగేవాళ్లు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. గోడల్లో గూళ్లు. ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో దువ్వెనా అద్దం, ఒకదాంట్లో పిల్లల పలకా బలపం. బీరువా చేసే పని గోడే చేసిపెట్టేది. వాకిట్లో అరుగు. అది ఇంటిదీ, వీధిదీ కూడా.

అయితే తెలుపు రంగు నడిగడ్డకు పనికిరాదా? ఎందుకు పనికిరాదు! కాకపోతే దాని చోటు వేరు. స్వీడన్‌లో తెలుపు లోపలి గోడ మీద ఉండి వెలుతురును పంచుతుంది. ఇక్కడ తెలుపు మిద్దె పైన ఉండి ఎండను తిప్పికొట్టాలి. స్లాబు మీద సున్నం పూస్తే కింద గది చల్లబడుతుందని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. అదే రంగు, అదే సూత్రం. చోటు మారిందంతే.

బొంత, గొంగడి, నులక మంచం

స్కాండినేవియన్ ఇళ్ల బొమ్మల్లో నేల మీద చారల చాప ఒకటి తరచూ కనిపిస్తుంది. చూడ్డానికి ఖరీదైందిలా ఉంటుంది. నిజానికి అది చిరిగిన బట్టల చాప. పాత చొక్కాలూ, దుప్పట్లూ పేలికలుగా చించి మగ్గం మీద నేసేవాళ్లు. పేదింటి పొదుపు అది. ఇవాళ దుకాణాల్లో కొత్త బట్టను చించి మరీ నేసి అమ్ముతున్నారు.

ఆ చాపకు నడిగడ్డలో ఓ అక్కాచెల్లీ ఉంది. దాని పేరు బొంత! పాత నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, దగ్గరదగ్గరగా కుట్లు వేస్తే బొంత. అందులో అమ్మ చీర ఒకటి, అవ్వ చీర ఒకటి, పుట్టింటివాళ్లు పెట్టింది ఒకటి. ఏ ముక్క ఎవరిదో వేలు పెట్టి చెప్పొచ్చు. ఇంతకన్నా సొంతమైన అలంకరణ ఏ దుకాణం అమ్మగలదు? కానీ కొత్తింటికి మారేటప్పుడు మొదట అటకెక్కేది అదే.

గొంగడి సంగతీ అంతే. ఉన్ని దుప్పటి సోఫా మీద వాలుగా వేసి ఉంచడం స్కాండినేవియన్ ఇళ్లలో మామూలు. ఉమ్మడి పాలమూరు గొంగడి పేరున్నది. దక్కను గొర్రెల ఉన్ని తీసి, వడికి, కురుమలు నేస్తారు. చింతగింజల గంజి పెడతారు. రంగు వేయనక్కర్లేదు, గొర్రె రంగే దాని రంగు. చలికి కప్పుకోవచ్చు, వానకు తలమీద వేసుకోవచ్చు, పరుచుకుని పడుకోవచ్చు.

ఇక నులక మంచం. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ వెగ్నర్ 1949లో ఓ కుర్చీకి రూపం ఇచ్చాడు. ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో వీపు ఆనే చెక్క, కూర్చునే చోట చేత్తో అల్లిన కాగితపు తాడు. ఒక్కో కుర్చీకి 120 మీటర్ల తాడు పడుతుంది. కుర్చీల చరిత్రలో దానికి గొప్ప పేరు. ధర మన లెక్కలో అర లక్షకు పైనే! దాన్ని ఫోనులో చూసి ముచ్చటపడే ఇంటి పెరట్లోనే, అల్లిక వదులైన నులక మంచం గోడకు జారేసి ఉంటుంది. చెక్క చట్రం, చేత్తో అల్లిన తాడు. రెండిటి సూత్రం ఒక్కటే. కూర్చున్నవాళ్ల ఒంటికి తగ్గట్టు ఒదగడం, గాలి ఆడనివ్వడం.

రంగుల్లోనూ ఇలాంటి చుట్టరికమే ఉంది. స్వీడన్ పల్లెల్లో చెక్క ఇళ్లన్నీ ముదురు ఎరుపులో కనిపిస్తాయి. సుండ్‌బోర్న్‌కు దగ్గర్లోనే ఉన్న ఫాలున్ రాగి గని పుణ్యం అది. గనిలోంచి తీసి పారేసిన మట్టిలో ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది. దాన్ని పిండితో, నూనెతో, నీళ్లతో ఉడికించి పూసేవాళ్లు. చెక్క పాడవదు, ఖర్చూ తక్కువ. గని 1992లో మూతపడింది. ఆ ఎరుపు మాత్రం ఇంకా తయారవుతోంది. మరి పండగ ముందు నడిగడ్డ ఆడవాళ్లు గడపకూ అరుగుకూ పూసే జాజు ఏమిటి? అదీ ఎర్రమట్టే, అందులోనిదీ ఇనుము తుప్పే. వేల మైళ్ల దూరంలో రెండు ఊళ్ల జనం కాళ్లకింద దొరికిన దాంతోనే ఇంటికి ఎర్రంచు దిద్దుకున్నారు.

2009 నీళ్లు చెప్పిన పాఠం

ఇంతా చదివి, పాత మట్టి మిద్దెలే మళ్లీ కట్టుకోవాలంటారా అని ఎవరైనా అడగొచ్చు. అలా అనడం తేలిక. అందులో కాపురం చేయడమే కష్టం. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు మన్ను పరచాలి. లేకుంటే కురుస్తుంది. తేళ్లూ, ఎలుకలూ, చెదలూ సరేసరి. దూలాలకు కలప దొరకదు, దొరికినా కొనలేరు. గవాచి కింద కట్టెలపొయ్యి పొగలో కళ్లు పోగొట్టుకున్నది ఆడవాళ్లే.

అన్నిటికన్నా పెద్ద మాట నీళ్లది. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచింది, అలంపూర్‌నూ ముంచింది. మట్టిగోడ ఎండకు రాజే కానీ నిలవ నీటికి నిలవదు. ఆ రోజులు చూసినవాళ్లు కాంక్రీటు స్తంభాలు కావాలనడంలో భయముంది, న్యాయమూ ఉంది. వాళ్లకు మట్టి గొప్పదనం మీద పాఠం చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి పాత ఇల్లా, కొత్త ఇల్లా అన్నది కాదు ప్రశ్న. పాత ఇంట్లో మనుషులకున్న చోటును కొత్త ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలన్నదే. తేవడం సాధ్యమేనా? ఈ ఊరికి ఆ విద్య కొత్త కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని తెలిసి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి, అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. చోటు మారింది, గుడి మారలేదు. అంత పెద్ద గుడి తరలి రాగా లేనిది, ఓ అరుగు తరలి రాదా?

లార్సన్ ఇంటి సంగతి కూడా అలాంటిదే. వాళ్లేమీ పాత పల్లె ఇంటిని అచ్చుగుద్దలేదు. దానికి గదులు చేర్చారు, కిటికీలు మార్చారు, పాత సామానుకు కొత్త రంగు వేశారు. కరీన్ నేసిన గుడ్డల్లో పల్లె అల్లికలూ ఉన్నాయి, అప్పటికి ఎవరూ చూడని కొత్త నమూనాలూ ఉన్నాయి. ఉంచుకోవాల్సింది ఉంచుకుని, మార్చాల్సింది మార్చారు.

మేస్త్రీని పిలిచే ముందు

కాంక్రీటు ఇల్లే కట్టుకున్నా చేయగలిగిన పనులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏదీ ఖరీదైంది కాదు.

మొదటిది అరుగు. రోడ్డు పక్క గోడను బయటికంటా లాగి పార్కింగు చేసే ముందు, తూర్పునో ఉత్తరానో మూడడుగుల వెడల్పు వదిలి, మోకాలెత్తు గోడ మీద నాపరాళ్లు పరిస్తే చాలు. బేతంచెర్ల రాయి నంద్యాల జిల్లాలోదే, దగ్గరే. పెద్దవాళ్లు మోకాళ్లు మడవకుండా కూర్చోవచ్చు, చేయి ఆనించి లేవవచ్చు. పక్కింటి వదిన చెప్పులు విప్పకుండా కూర్చోవచ్చు.

రెండోది నేల. తడిస్తే జారే టైల్స్ కన్నా గరుకు నాపరాయి పెద్దవాళ్లకు క్షేమం. వేసవిలో దాని మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ఆ సుఖమే వేరు.

మూడోది కిటికీ. పడమట చిన్నది, ఉత్తరాన పెద్దది. పైన సజ్జ కాస్త ముందుకు. మెట్ల గదికో వంటింటికో సిమెంటు జాలీ. నవబ్రహ్మ ఆలయాల రాతి జాలీకి అది చవకైన మనవరాలు.

నాలుగోది గూళ్లు. ఇటుక గోడ కట్టేటప్పుడే చెబితే మేస్త్రీ రెండు మూడు గూళ్లు వదిలేస్తాడు. తర్వాత చెబితే గోడ పగలగొట్టాల్సి వస్తుంది. ఒక గూట్లో దీపం, ఒక గూట్లో అమ్మ కళ్లజోడూ మందుల డబ్బా. రాత్రిపూట చీకట్లో తడిమినా చేతికి అందే ఎత్తులో.

ఐదోది ఆ హాలు. షోకేసు మీద పెట్టే డబ్బులో కొంత ఓ గట్టి చెక్కబల్లకు పెడితే, దాని మీద పిల్లలు హోంవర్కు చేస్తారు, తల్లి కూరగాయలు తరుగుతుంది, తండ్రి పాసుపుస్తకాలు చూసుకుంటాడు. రాత్రికి అందరూ దాని మీదే తింటారు. గాజు కప్పులు బయటికి తీసి వాటిలో కాఫీ తాగాలి. ఒకటో రెండో పగులుతాయి. పగలనీ! బొంతను అటక దించి, ఎండేసి, దివాను మీద పరవాలి. నులక మంచానికి అల్లిక బిగిస్తే మరో పదేళ్లు వస్తుంది. పిల్లాడు వేసిన బొమ్మ గోడకు అతికిస్తే సున్నం ఊడుతుందన్న భయం వద్దు. తలుపుల మీద సొంత పిల్లల బొమ్మలు వేసుకున్న ఇంటిని చూడ్డానికి ఇవాళ ఎక్కడెక్కడివాళ్లో సుండ్‌బోర్న్ వెళ్తున్నారు. కార్ల్ 1919లో, కరీన్ 1928లో కన్నుమూశారు. ఆ ఇంటిని వాళ్ల వారసులే కాపాడుకుంటూ, జనానికి చూపిస్తున్నారు. అక్కడ ఖరీదైన వస్తువులు వెతికితే కష్టం. ఎవరో ఒకరు కూర్చున్న గుర్తు లేని మూల దొరకడం ఇంకా కష్టం.

ఇల్లు కట్టాలనుకున్న కొడుకులూ కూతుళ్లూ మేస్త్రీని పిలిచే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. ఓ రోజంతా పాత ఇంట్లో అమ్మ వెనకే తిరగాలి. పొద్దున ఆరింటికి ఆమె ఎక్కడ కూర్చుని టీ తాగుతోంది, మధ్యాహ్నం రెండింటికి ఏ గోడ నీడలో నడుం వాలుస్తోంది, సాయంత్రం ఎవరితో ఎక్కడ మాట్లాడుతోంది, లేచేటప్పుడు చేయి దేనికి ఆనిస్తోంది... అన్నీ కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని ప్లానుతో పాటు మేస్త్రీ చేతిలో పెట్టాలి. రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.